ఏడోది

నరీన్‌లో మార్చి అంటే ఇంకా చలికాలమే.
బొగ్గు మోసే కమాజ్ లారీ మా పెరట్లో
మూడు రోజులుగా తెల్లపొగ కక్కుతోంది.
అది దగ్గితే ఇంటి అద్దాలు వణుకుతాయి,
సైరా అవ్వ గిన్నెలో మీగడ కూడా.
గ్యారేజీవాడు చెప్పిన ధర విని
మా అన్న కరిప్‌బాయ్ ఫోను పెట్టేశాడు,
టోపీ తీసి, లోపలికి చూసి, మళ్ళీ పెట్టుకున్నాడు.
"మనమే చేద్దాం" అన్నాడు.
మనమే అంటే,
అతని కుడి మణికట్టు పిండికట్టులో ఉంది కాబట్టి,
నేను.

మొదటి పాఠం స్పానర్‌తో కాదు, చెవితో.
ఇంజిన్ నడుస్తుండగానే
ఒక్కో పైపు నట్టు పావు చుట్టు వదులు చెయ్యి, విను.
ఒకటోది వదిలాను: ఇంజిన్ కుంటింది.
బిగించాను: నడక కుదిరింది.
రెండోది, కుంటింది. మూడోది, కుంటింది.
కుంటితే మంచిదేనట.
లేని లోటు తెలిసిందంటే
అప్పటిదాకా ఒళ్ళు వంచి పనిచేస్తున్నట్టే.
ఏడో నట్టు వదిలాను.
డీజిల్ కారింది, గుడ్డ తడిసింది,
ఇంజిన్‌కి మాత్రం చీమ కుట్టినట్టైనా లేదు.
అన్న ఎడంచేత్తో గాల్లో సున్నా చుట్టాడు.
"దొరికాడు."

ఎనిమిదోది కూడా చూశాం, మొహమాటానికి.

ఊడదీయడానికి ఒక పూట పట్టింది.
మసి చుట్టూ కిరోసిన్ పోసి, టీ తాగి, మళ్ళీ కిరోసిన్.
రెండూ ఒకేలాంటి పియాలాల్లో ఉన్నాయి,
ప్రతి గుక్కకీ ముందు వాసన చూడాల్సొచ్చింది.
చివరికి పుచ్చుపన్నులా ఊడొచ్చింది,
కింద ఉండాల్సిన రాగి వాషర్ లేకుండా.
దాన్ని వంచిన సైకిలు పుల్లతో గాలించి తీయడానికి
ఇంకో గంట, రెండు బూతులు.
అవ్వ కిటికీ మూసేసింది.

పరీక్ష పంపు అన్న సొంత తయారీ:
ఒక జాకీ, ఒక గేజీ, ఎవరి ట్రాక్టర్‌దో ఒక పైపు.
"నాజిల్ ముందు చెయ్యి పెట్టకు" అన్నాడు,
అన్నం ముందు దుఆ చదివేంత శ్రద్ధగా.
ఆ ధార కంటికి కనబడదు, చర్మం దాటిపోతుంది,
నొప్పి రాత్రికి గాని రాదు.
మా చిన్నాన్న తొమ్మిది దాకానే వేళ్ళ మీద లెక్కపెడతాడు.

మీట నొక్కాను. ముల్లు ఎక్కింది.
రెండొందల దగ్గర తెరవాల్సిన నోరు
నూట ఎనభై ఐదుకే జారింది.
పొగమంచులా రావాల్సింది
మూడు వెంట్రుకల్లా వచ్చి
చివర ఒక బొట్టు వేలాడింది.

బజారులో కొన్న కొత్తదాన్ని బిగించాం.
డబ్బా మీద బంగారు అక్షరాలు.
నొక్కితే
జలుబు చేసిన పిల్లాడి ముక్కు.
ఇద్దరం చాలాసేపు ఆ డబ్బానే చదివాం.

పాతదాన్నే విప్పాను.
సూదినీ దాని ఒరనూ విడదీసి కడిగాను.
"ఇవి జంట. ఇంకోదాని సూది దీనికి నప్పదు" అన్నాడు అన్న,
పెళ్ళయి ఏడాది కాని మనిషి.
ఒర ఏటవాలుగా పట్టుకుని
సూదిని మూడోవంతు పైకి లాగి వదిలాను.
తన బరువుతో తానే, తొందర లేకుండా,
లోపలికి జారిపోయింది.
సూది బాగానే ఉంది. అలిసిపోయింది స్ప్రింగు.
దాని కింద పెట్టడానికి పల్చటి బిళ్ళ కావాలి.
ఒస్మోన్ తాత క్షవరం పెట్టెలో బ్లేడ్లున్నాయి.
మూడు విరిగాయి, నాలుగోదీ ఐదోదీ
సానరాయి మీద గుండ్రమయ్యాయి.
తాత గడ్డం ఆ వారం పెరిగింది,
ఎందుకో ఎవరూ చెప్పలేదు.

మళ్ళీ మీట.
నూట తొంభై. నూట తొంభై ఆరు.
గొంతులో గురగురమంది పావురంలా,
అట్టముక్క మీద ఊపిరంత మెత్తటి తడి,
గుండ్రంగా, బొట్టు లేకుండా.

కొత్త వాషర్, శుభ్రమైన గూడు, పట్టుగా బిగింపు.
చీకటి పడ్డాక తాళం తిప్పాను.
దగ్గింది, ఇంకోసారి దగ్గింది, పొగ పలచబడింది.
అన్న లోపలికి పరుగెత్తాడు అవ్వకి చెప్పడానికి.
నేను మాత్రం స్పానర్ తీసి
ఏడో నట్టు పావు చుట్టు వదిలాను.

కుంటింది.

బిగించాలి కదా,
కాసేపు ఆగాను, వింటూ.